తెల్లవారుజామున లేవలేనివారికి వ్యాయామ యోగం లేదా?

గత కార్తీక మాసంలో ఒకనాటి సాయంకాలం, చీటీలు ఇంచుమించు అయిపోవచ్చిన వేళ, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు తమ కుమారుని వెంటబెట్టుకొని నా వైద్యశాలకు వచ్చారు. కుమారునికి ముప్పది నాలుగేండ్లు. పొట్ట పెరిగింది, రక్తంలో చక్కెర హద్దు దాకా వచ్చి నిలిచింది, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. నేను నాడి చూడడానికి చేయి అందుకొనే లోపలే తండ్రి చెప్పవలసినదంతా చెప్పివేశారు.

"వీడికి జబ్బేమీ లేదండీ, సోమరితనం. ఎనిమిదైతే గాని పక్క దిగడు. డెబ్బయ్యో పడిలో పడ్డ నేను నాలుగింటికి లేచి ఐదు కిలోమీటర్లు నడిచి వస్తాను. మీరైనా గట్టిగా చెప్పండి."

అబ్బాయి తల వంచుకొని కూర్చున్నాడు. నెమ్మదిగా అడిగితే సంగతి తెలిసింది. అతడు చేసేది అమెరికా వేళలను అనుసరించి సాగే ఉద్యోగం. రాత్రి పదకొండున్నరకు పని ముగుస్తుంది. అప్పుడు భోజనం. పడుకొనేసరికి ఒంటి గంట. తండ్రి మాట కాదనలేక అంతకు ముందు ఏడాది ఒక నెల రోజులు ఐదింటికి లేచి నడిచాడట. "నడిచినన్నాళ్ళూ పగలంతా కళ్ళు మూతలు పడేవండీ. ఆకలి తెలిసేది కాదు. సాయంత్రానికి ఎవరిని చూసినా కోపం వచ్చేది. ఇక వ్యాయామం నా నుదుట రాయలేదనుకొని మానేశాను" అన్నాడు.

నేను కాగితం మీద ఒక చిన్న లెక్క వేసి తండ్రిగారికి చూపించాను. వారు రాత్రి తొమ్మిదింటికి పడుకొని నాలుగింటికి లేస్తారు. ఏడు గంటలు. కుమారుడు ఒంటి గంటకు పడుకొని ఎనిమిదింటికి లేస్తాడు. అవీ ఏడు గంటలే. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నిద్రపోతున్నట్లు? మాస్టారు గారు ఆ కాగితం చాలాసేపు చూశారు గాని బదులు చెప్పలేదు.

ఆ అబ్బాయి అన్న చివరి మాట మాత్రం నన్ను వదలలేదు. తెల్లవారుజామును, వ్యాయామాన్ని కలిపి మనం ముడివేశాం. ఒకటి చేతకానివాడు రెండవదానిని కూడా వదులుకుంటున్నాడు. నడక మానినందువలన మధుమేహం, ఊబకాయం, మోకాళ్ళ నొప్పులు ముప్పై ఏళ్ళకే తలుపు తడుతున్నాయి. కాబట్టి ఈ ముడిని విప్పవలసిన అవసరం ఉన్నదని నా అభిప్రాయం. ముడి వేసినవారిలో నేనూ ఒకడిని గనుక, ముందు నా సంగతి చెప్పుకుంటాను.

నేను చేసిన పొరపాటు

సుమారు ఇరవై ఏండ్ల క్రిందటి మాట. బ్యాంకులో పనిచేసే ఏభై యేండ్ల పెద్దమనిషి ఒకరు స్థూలకాయంతో, మోకాళ్ళ నొప్పులతో నా వద్దకు వచ్చారు. మధుమేహానికి మాత్రలు అప్పటికే వాడుతున్నారు. నేను ఔషధం ఇచ్చి, అందరికీ చెప్పినట్లే వారికీ చెప్పాను: "తెల్లవారుజామున ఐదు గంటలకు లేచి గంటసేపు నడవండి." వారు క్రమశిక్షణ గల మనిషి. అక్షరాలా పాటించారు. అది మార్చి నెల, లెక్కలు మూసే కాలం. ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు, నిద్రపోయేసరికి పన్నెండున్నర. నాలుగున్నరకు అలారం. మూడవ వారంలో ఒకనాడు ఖాళీ కడుపుతో నడుస్తూ కళ్ళు తిరిగి రోడ్డు ప్రక్కన పడిపోయారు. మణికట్టు ఎముక విరిగింది.

వారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కట్టుతో నా ఎదుట కూర్చున్నప్పుడు వారి భార్య మాత్రం అన్నారు: "ఎన్నింటికి లేవాలో చెప్పారు గాని, ఎన్నింటికి పడుకుంటారని మీరు అడగలేదు కదండీ."

నలభై ఏండ్ల వైద్యవృత్తిలో నేను నేర్చుకొన్న పాఠాలలో అది ఒకటి. ఆ రోజు నుండి వ్యాయామం గురించి చెప్పడానికి ముందు నేను వేసే మొదటి ప్రశ్న నిద్ర గురించే.

విచిత్రమేమంటే, ఆ పాఠం నాకు అంతకు ముందే ఒకరు చెప్పారు, నేను మరచిపోయాను. 1970ల చివర కోనసీమలో మా గురువుగారి ఇంట ఉండి చదువుకొనే రోజులలో నేను ఉదయం వేళ పరమ మందుణ్ణి. వేకువ పాఠంలో అష్టాంగహృదయం చేతిలో ఉండగానే తల వాలిపోయేది. తోటి విద్యార్థులు నవ్వేవారు. నెల రోజులు గమనించి గురువుగారు ఒక రాత్రి మా వసారా వైపు వచ్చారు. లాంతరు వత్తి తగ్గించి, పంచె చాటున నేను డిటెక్టివ్ నవల చదువుతున్నాను. కోప్పడతారని వణికిపోయాను. వారు పుస్తకం తీసుకొని, లాంతరు ఆర్పి, "ఒరే, నువ్వు లేవడం నేర్చుకోనక్కర్లేదు. పడుకోవడం నేర్చుకో, చాలు" అని వెళ్ళిపోయారు. (ఆ నవల తిరిగి ఇవ్వలేదు. చదివారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.)

శాస్త్రం అసలు ఏమన్నది?

బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని వాగ్భటుడు చెప్పిన మాట అందరికీ తెలుసు. ఈ మధ్య సెల్ ఫోనులో రెండు నిమిషాల ఉపన్యాసాలిచ్చేవారు కూడా ఆ మాటతోనే ఆరంభిస్తున్నారు. అయితే ఆ మాట చుట్టూ ఉన్న మాటలను కూడా చదవాలి.

లేవవలసినవాడు స్వస్థుడు అని అక్కడే ఉన్నది. అనగా ఆరోగ్యవంతుడు తన ఆయుస్సును కాపాడుకొనేందుకు పాటించవలసిన విధి అది. రోగికి, బాలునికి, వృద్ధునికి, రాత్రి జాగరణ చేసినవానికి అదే నియమాన్ని మొండిగా అంటగట్టరాదు. అష్టాంగ సంగ్రహంలో అదే సందర్భంలో మరొక షరతు ఉన్నది: రాత్రి తిన్న ఆహారం జీర్ణమైనదో లేదో చూచుకొని లేవాలి. అర్ధరాత్రి బిర్యానీ తిని నాలుగింటికి లేచి పరుగెత్తేవాడు శాస్త్రాన్ని పాటిస్తున్నట్లు కాదు.

ఇక వేళ. ముహూర్తమంటే 48 నిమిషాలు. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. సంక్రాంతి రోజులలో హైదరాబాదులో సూర్యుడు సుమారు 6.50కి ఉదయిస్తాడు. కాబట్టి అప్పుడు బ్రాహ్మీ ముహూర్తం ఆరంభమయ్యేది ఇంచుమించు 5.14కి. మే నెలాఖరున సూర్యోదయం 5.40 ప్రాంతంలో, ముహూర్తారంభం 4.04కి. రెండింటికీ గంటకు పైగా తేడా. మన అలారం గడియారమేమో పన్నెండు నెలలూ నాలుగింటికే మోగుతుంది. చలికాలంలో రాత్రి పెద్దది, శరీరం ఎక్కువ నిద్ర కోరుతుంది అన్న ఎరుక శాస్త్రానికి ఉన్నది గాని గడియారానికి లేదు.

అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి. లేవగానే వ్యాయామం చేయమని ఏ గ్రంథమూ చెప్పలేదు. దినచర్య వరుస చూడండి. మలమూత్ర విసర్జన, దంతధావనం, అంజనం, నస్యం, గండూషం (నోరు పుక్కిలించడం), అభ్యంగం, ఆ తరువాత వ్యాయామం, పిదప ఉద్వర్తనం, స్నానం. మంచం దిగిన క్షణానికీ వ్యాయామం మొదలయ్యే క్షణానికీ మధ్య తీరిక అయిన గంట ఉన్నది. మన సంక్రాంతికి, దీపావళికి తలంటి, నలుగు పెట్టి స్నానం చేయించే ఆచారం ఈ వరుసలోని ముక్కే. నేటి వైద్యం కూడా దీనిని బలపరుస్తున్నది. రాత్రంతా పడుకొని ఉన్నప్పుడు వెన్నుపూసల నడుమ ఉండే మెత్తని పలకలు నీరు పీల్చుకొని ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో ముందుకు బాగా వంగే పనులు, బరువులెత్తడం నడుముకు మంచిది కాదు. గుండెపోట్లు ఉదయం వేళల్లో ఎక్కువగా సంభవిస్తాయన్నది కూడా హృద్రోగ నిపుణులు చిరకాలంగా గమనించినదే. కళ్ళు నులుముకుంటూ బూట్లు తొడిగి పరుగు తీయడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు.

చరకుడు వ్యాయామాన్ని నిర్వచిస్తూ "ఇష్ట" అనే విశేషణం వాడాడు. మనస్సుకు ఇష్టమై, శరీరానికి స్థిరత్వాన్నీ బలాన్నీ ఇచ్చే చేష్టయే వ్యాయామం. పళ్ళు బిగబట్టి, లోలోపల ఏడుస్తూ, ఇంట్లో పెద్దల సాధింపు పడలేక చేసే నడక ఆ నిర్వచనంలోకి రాదు. అది శ్రమ. ఈ రెండింటికీ ఫలితాలు వేరు.

ఎవరు ఎందుకు లేవలేరు?

ప్రతి రాత్రినీ మూడు భాగాలు చేస్తే మొదటి భాగం కఫానికి, నడిమిది పిత్తానికి, చివరిది వాతానికి చెందుతుంది. పగలు కూడా అంతే. మనిషి ఆయుస్సు కూడా అంతే: బాల్యం కఫానిది, నడి వయస్సు పిత్తానిది, వార్ధక్యం వాతానిది. తెల్లవారుజామున వాతం చలిస్తుంది, వార్ధక్యంలోనూ వాతమే అధికం. అందువలన డెబ్బయ్యేండ్ల మనిషికి నాలుగింటికే మెలకువ రావడంలో ఆయన గొప్పతనం కొంత, వయస్సు కొంత. మాస్టారు గారితో ఈ మాట అన్నప్పుడు వారు కొంచెం నొచ్చుకున్నారు. ముప్పయ్యేండ్ల వయస్సులో తాము ఎన్నింటికి లేచేవారో ఒకసారి గుర్తు చేసుకోమన్నాను.

ప్రకృతి భేదం మరొక కారణం. కఫ ప్రకృతి వానికి నిద్ర గాఢం, లేచిన తరువాత కూడా ఒళ్ళు బరువు. సూర్యోదయం తరువాత వచ్చే కఫకాలంలో అతడు మరింత మందగిస్తాడు. ఇక్కడే ఒక మెలిక ఉన్నది. ఉదయం వ్యాయామం వలన ఎక్కువ మేలు పొందేవాడు కూడా అతడే. కఫాన్ని, మేదస్సును కరిగించేది వ్యాయామమే గదా. కాబట్టి కఫ ప్రకృతి వారు "నా తత్త్వమింతే" అని దుప్పటి ముసుగు తన్నడాన్ని నేను ఒప్పుకోను. వాత ప్రకృతి వాడు దీనికి భిన్నం. అతని నిద్ర పలుచన. ఏ మూడింటికో గాని సరిగా కన్ను మూత పడదు. ఆ కాస్త నిద్రనూ అలారంతో చెరిపివేస్తే వాతం మరింత ప్రకోపిస్తుంది. అతనికి నేను ఎప్పుడూ వేకువ నడక చెప్పను, ముందు నిద్ర బాగుచేస్తాను.

మన శరీరంలో గడియారం వంటిది ఒకటి ఉన్నదని పాశ్చాత్య వైద్యులు నిరూపించారు. ఆ గడియారం కణాలలో ఎట్లా నడుస్తుందో కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. కొందరిలో ఆ గడియారం ముందుకు, కొందరిలో వెనుకకు నడుస్తుందని, అందులో కొంత భాగం తల్లిదండ్రుల నుండి సంక్రమిస్తుందని వారి శాస్త్రం చెబుతున్నది. యౌవనారంభంలో, అనగా పదమూడు నుండి ఇరవై ఏండ్ల నడుమ, అది సహజంగానే ఆలస్యమవుతుంది. రాత్రి పదకొండు వరకు చదివించి ఐదింటికే గంట కొట్టి ఇంటర్మీడియట్ పిల్లలను లేపే వసతి కళాశాలల యాజమాన్యాలు ఈ ఒక్క విషయం తెలుసుకొంటే బాగుండును. ఆ పిల్లలకు వ్యాయామం ఎటూ లేదు, నిద్ర కూడా లేదు.

పాదం చొప్పున మార్చుకొనే పద్ధతి

అలవాటును ఒక్కసారిగా మార్చరాదన్నది ఆయుర్వేదంలో స్థిరమైన సూత్రం. చెడ్డదైనా సరే, చిరకాలం అలవాటైనది శరీరానికి సాత్మ్యమై ఉంటుంది. దానిని తటాలున మాన్పితే రోగం పుడుతుంది. అందుకే పాదం పాదంగా, అనగా నాల్గవ వంతు చొప్పున, అదీ కుదరకపోతే ఆ పాదంలో పాదం, అనగా పదహారవ వంతు చొప్పున మార్చమన్నారు. మధ్యమధ్య ఆగి, మార్పు కుదురుకొన్న తరువాతనే ముందుకు సాగాలి. మత్తు పదార్థాలు, అపథ్యాహారం మాన్పించేందుకు వైద్యులు దీనిని వాడతారు. నేను నిద్రకు కూడా దీనిని అన్వయిస్తున్నాను. అన్వయం నాది, సూత్రం శాస్త్రానిది.

ఆ అబ్బాయికి చెప్పినదే ఇక్కడ వ్రాస్తాను. పదకొండున్నరకు ఉద్యోగం ముగిసేవాడిని తొమ్మిదింటికి పడుకోమనడం అవివేకం. కనుక ఐదింటి మాట మరచిపొమ్మన్నాను. గమ్యం ఉదయం ఏడు గంటలు. ఎనిమిది నుండి ఏడుకు తేడా 60 నిమిషాలు. అందులో పాదం 15 నిమిషాలు. మొదటి నాలుగు రోజులు 7.45కు లేవాలి, రాత్రి 12.45కే పడుకోవాలి. తరువాతి నాలుగు రోజులు 7.30, 12.30. ఇట్లా పదహారు రోజులకు అర్ధరాత్రి పన్నెండుకు నిద్ర, ఏడింటికి మెలకువ. ఏడు గంటల నిద్రలో ఒక్క నిమిషం కూడా తగ్గలేదు గమనించండి. ఈ పదహారు రోజులలో వ్యాయామం ఏదీ చేయవద్దన్నాను. లేవగానే కిటికీ తెరచి, లేదా డాబా ఎక్కి, పావుగంట ఉదయపు వెలుతురులో ఉండమన్నాను. లోపలి గడియారాన్ని ముందుకు జరిపేది ఆ వెలుతురే. అలారం కంటె నమ్మకమైనది.

వేళ తప్పి తినడం అతని అసలు జాడ్యం. పని మధ్యలో ఎనిమిదిన్నరకు దొరికే విరామంలోనే భోజనం ముగించి, పని అయిన తరువాత ఏమీ తినవద్దన్నాను. రాత్రి పూట పెరుగు మానమన్నాను, పలుచని మజ్జిగ చాలు. పడుకొనే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వుల నూనె ఐదు నిమిషాలు మర్దన చేయించుకొంటే నిద్ర త్వరగా పడుతుంది. ఇందుకు ఖర్చు రెండు చెంచాల నూనె, కాస్త ఓపిక. నిద్ర తెప్పించడంలో గేదె పాలు శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. కాని ఇతనిది స్థూల శరీరం గనుక ఆ సలహా ఇతనికి ఇవ్వలేదు. సన్నగా, ఎండుగా ఉండి నిద్ర పట్టని వారు రాత్రి అరగ్లాసు గేదె పాలు వెచ్చగా త్రాగవచ్చు.

పదిహేడవ రోజు నుండి నడక. ఏడింటికి లేచి, కాలకృత్యాలు తీర్చుకొని, ఒళ్ళు బరువుగా ఉన్న రోజున చిటికెడు శొంఠిపొడి వేసి కాచిన నీళ్ళు ఒక గ్లాసు త్రాగి, ఏడున్నరకు బయలుదేరాలి. (కడుపులో మంట, పుండు ఉన్నవారికి శొంఠి పనికిరాదు. ఉత్త వేడినీళ్ళు చాలు.) మొదటి వారం పది నిమిషాలు. ఆపై వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకొంటూ అరగంటకు చేరాలి. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున అంటే 150 నిమిషాలు. పెద్దలకు కనీసం ఇంత ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన మార్గదర్శకం కూడా ఇదే. ఆ సంస్థ వారానికి ఇంత అన్నది గాని తెల్లవారుజామునే అనలేదు.

ఎంత చేయాలన్నదానికి మన పూర్వులు చెప్పిన కొలత అర్ధశక్తి. ఉన్న బలంలో సగం. అదీ బలవంతులకు, నెయ్యి నూనెలు గల ఆహారం తినేవారికి, చలికాలంలో, వసంతంలో. మిగిలిన కాలాలలో ఇంకా తక్కువ. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టి, నోరు ఎండి, నోటితో గాలి పీల్చుకోవలసి వచ్చిందంటే సగం బలం ఖర్చయినట్లే, అక్కడ ఆపాలి. అతిగా చేసేవాడు ఏనుగును లాగబోయిన సింహం వలె నశిస్తాడని వాగ్భటుని హెచ్చరిక. దప్పిక, దగ్గు, జ్వరం, వాంతి, రక్తస్రావం దాకా అతి వ్యాయామ దోషాలను పెద్దలు పేర్కొన్నారు. నిద్ర చాలనివాడు అర్ధశక్తిని లెక్కవేయలేడు. మొదటి అడుగులోనే అతడు అప్పులో ఉంటాడు.

సాయంకాలపు మాట

ఇంత చేసినా ఉదయం కుదరనివారు ఉంటారు. రాత్రి డ్యూటీల నర్సులు, ఆర్టీసీ డ్రైవర్లు, ముద్రణాలయాలలో పనిచేసేవారు, నెలల పసిబిడ్డ తల్లులు. వీరికి నేను సాయంకాలమే చెబుతాను, ఏ సంకోచం లేకుండా చెబుతాను. మధ్యాహ్న భోజనం అరిగి ఉండాలి, రాత్రి భోజనానికి ముందు ముగియాలి, పడుకోవడానికి రెండు మూడు గంటల వ్యవధి ఉండాలి. అంతే. అలవాటు లేకుండా రాత్రి మేలుకోవలసి వస్తే, మేలుకొన్న సమయంలో సగం మరునాటి ఉదయం ఏమీ తినక ముందే నిద్రపోవాలని వాగ్భటుడు స్పష్టంగా వ్రాశాడు. నాలుగు గంటలు జాగరణ చేసినవానికి ఉదయం రెండు గంటల నిద్ర శాస్త్రమిచ్చిన హక్కు. అట్టివానిని లేపి నడిపించడం దోషమే.

మన ప్రాంతపు ఎండలను కూడా మరువరాదు. రోహిణీ కార్తెలో విజయవాడలోనో రామగుండంలోనో ఉదయం ఎనిమిది గంటలకే ఎండ మాడుస్తుంది. గ్రీష్మంలో వ్యాయామాన్ని, ఎండను మానుకోమనే శాస్త్రం. ఆలస్యంగా లేచేవారు ఆ రోజులలో ఉదయపు నడక పట్టుదల విడిచి, పొద్దు వాలిన తరువాత కొద్దిగా నడిస్తే చాలు. అదే శీతకాలంలో నగరాలలో చూడండి. పొగమంచుతో పాటు వాహనాల పొగ కూడా నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. ఉబ్బసం, దగ్గు ఉన్నవారు ఐదింటికి బయలుదేరి ఆ గాలి పీల్చడం కంటె ఎండ పొడ వచ్చి మంచు విచ్చిన తరువాత వెళ్ళడమే మేలు. చలికాలంలో ఆలస్యంగా లేచేవారే ఈ విషయంలో అదృష్టవంతులు.

ఇన్సులిను గాని, చక్కెరను తగ్గించే మాత్రలు గాని వాడేవారు ఏ వేళనైనా ఖాళీ కడుపుతో నడవడానికి ముందు తమ వైద్యుని తప్పక అడగాలి. నా బ్యాంకు పెద్దమనిషి మణికట్టు మీకు ఇదివరకే చెప్పాను.

ఇల్లాలి సంగతి ఎవరూ అడగరు

ఈ చర్చ అంతా మగవారి చుట్టూ తిరుగుతుంది. నా వద్దకు వచ్చే గృహిణులలో చాలామంది స్వభావం చేత వేకువ మనుషులు కారు. పాల ప్యాకెట్టు, కుళాయి నీళ్ళు, పిల్లల టిఫిను డబ్బా వారిని ఐదింటికి లేపుతాయి. రాత్రి గిన్నెలు సర్ది, మరునాటికి పప్పు నానబోసి పడుకొనేసరికి పదకొండు దాటుతుంది. ఆరు గంటలైనా నిద్ర లేని ఆ మనిషికి మోకాళ్ళు నొప్పి పెడితే "ఇంటి పనే వ్యాయామం కదా" అంటారు. కాదు. వంగి, హడావుడిగా, ఒక ప్రక్కకే భారం వేసి చేసే చాకిరీలో చరకుడు కోరిన ఇష్టం ఎక్కడ ఉన్నది? స్థిరత్వం ఎక్కడ ఉన్నది? ఆమెకు అందరూ వెళ్ళిపోయిన తరువాత పదిన్నరకో, సాయంకాలం ఐదింటికో, తన కోసం తాను నడిచే అరగంట కావాలి. అంతకంటె ముందు రాత్రి గిన్నెలు ఇంకెవరైనా సర్దాలి. ఈ మాట అన్నప్పుడు ప్రక్కన కూర్చున్న భర్తలు ఔషధాల చీటీ వంక చూస్తూ ఉంటారు. నేను ఆ చీటీ మీదనే వ్రాసి ఇస్తున్నాను.

ధనుర్మాసంలో ఇదే స్త్రీలు, వారి వెంట ఆలస్యంగా లేచే ఆడపిల్లలు కూడా, చలిలో చీకటితో లేచి కళ్ళాపి చల్లి ముగ్గులు పెడతారు. ఎవరూ లేపనక్కరలేదు. ముగ్గు మీద ఇష్టం లేపుతుంది. రాత్రి పడుకొనే ముందే రేపటి ముగ్గు చుక్కలు లెక్కపెట్టుకొంటారు గదా.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మాస్టారు గారు మళ్ళీ వచ్చారు. కుమారుని సంగతి అడిగాను. ఏడింటికి లేస్తున్నాడని, ఏడున్నరకు కాలనీ పార్కులో అరగంట తిరిగి వస్తున్నాడని, నడుముకు పెట్టుకొనే బెల్టులో ఒక రంధ్రం లోపలికి వచ్చిందని చెప్పారు. నెల రోజులు గడిచినా మానలేదట. రక్తపరీక్షకు ఇంకా రెండు నెలల గడువు ఉన్నది, అప్పుడు గాని ఫలితం ఏమిటన్నది తేలదు.

ఈసారి వారు వచ్చింది మాత్రం తమ కోసమే. పదిహేను రోజులుగా పొడిదగ్గు. ఊపిరితిత్తులు విన్నాను. ఎన్నింటికి నడుస్తున్నారని అడిగాను. "ఎప్పటిలాగే, నాలుగున్నరకు" అన్నారు. బయట ఎట్లా ఉంటున్నదో అడిగాను. "మంచులో ఎదుటి మనిషి కనబడడండీ" అన్నారు.

మాఘ మాసం వెళ్ళేవరకు ఏడున్నరకు, కుమారునితో కలిసి నడవమన్నాను. వారు కొంచెం తటపటాయించి, "వాడు వేగంగా నడుస్తున్నాడండీ ఈ మధ్య, అందుకోలేను" అన్నారు.